పెళ్లి ఫొటోల్లో ముఖం రీటచింగ్: ఏ ఫొటోకి ఏ పద్ధతి?

పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ, కళ్ల కింద నలుపు, నుదుటి మీద ఫ్లాష్ మెరుపు. షూట్ ముగించి ఎడిటింగ్‌కు కూర్చున్న ప్రతి ఫొటోగ్రాఫర్‌కూ ఎదురయ్యేవే ఇవి. ఎలా సరిచేయాలా అని వెతికితే ఒకరు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (రంగునూ చర్మం గరుకునూ విడగొట్టి సరిచేయడం) నేర్చుకోమంటారు. ఇంకొకరు డాడ్జ్ అండ్ బర్న్ (బ్రష్‌తో కొన్ని చోట్ల లేత చేసి, కొన్ని చోట్ల ముదురు చేయడం) తప్ప మిగతావేవీ రీటచింగే కాదంటారు. మరొకరు అన్నీ ఏఐకి అప్పజెప్పి నిశ్చింతగా ఉండమంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అన్నీ కలిపి ఒకే ముఖం మీద ప్రయోగిస్తారు. చివరికి ఆ ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెళ్లి ఆల్బమ్‌కు చాలావరకు మచ్చల్ని చెరిపే హీలింగ్ బ్రష్, కొద్దిగా డాడ్జ్ అండ్ బర్న్ సరిపోతాయి. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అవసరం అందరూ అనుకునేదానికంటే చాలా తక్కువ. ఏఐని గుంపు పనికి వాడుకోవచ్చు, కానీ ముహూర్తం ఫొటోని దాని చేతిలో పెట్టకూడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

పద్ధతి కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఫొటో ఎంత పెద్దగా కనిపిస్తుంది? మన దగ్గర బాగా నడిచే ఆల్బమ్ సైజు 12×36 అంగుళాలు. అందులో ఒక పేజీ అంటే 12×18. దాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ చేయాలంటే 3600×5400 పిక్సెల్స్ కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6000×4000. అంటే పేజీ నిండా ఒకే ఫొటో పెడితే కెమెరా పట్టిన ప్రతి వెంట్రుకా, ప్రతి చర్మ రంధ్రమూ దాదాపు యథాతథంగా కాగితం మీదికి వస్తుంది. అదే ఫొటోని ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పిక్సెల్స్ వెడల్పుకు కుదిస్తే నిలువు ఫ్రేములో అడ్డంగా దాదాపు నాలుగు పిక్సెల్స్ ఒక్కటవుతాయి. చర్మ రంధ్రాలు వాటంతటవే మాయమవుతాయి. ఫోన్‌లో చూసుకోవడానికి ఇచ్చే ఫొటో మీద అరగంట కూర్చోవడం వృథా. పేజీ నిండా వచ్చే ఫొటోని అరనిమిషంలో ముగించడం అన్యాయం.

రెండోది, సమస్య ఏ రకానిది? ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. తేల్చుకోవడం మాత్రం సులువే. ఫొటోషాప్‌లో అన్ని లేయర్ల (ఫొటో మీద పరిచే పొరల) పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి. బుగ్గ మీద మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన మరక నలుపు తెలుపుల్లో కనిపించకుండా పోతే అది రంగు సమస్య. అలాగే ఉంటే వెలుగునీడల సమస్య. చుట్టూ చర్మం బాగుండి ఒక్క చోట మాత్రమే చుక్కలా ఉంటే అది మచ్చ. 100 శాతం జూమ్‌లో చర్మమంతా గరుకుగా కనిపిస్తే అది టెక్స్‌చర్. ఈ నాలుగింటికీ మందులు వేరు. వెలుగునీడల సమస్యకు బ్లర్ వేయడం, రంగు సమస్యకు డాడ్జ్ చేయడం, ఇక్కడే పని చెడుతుంది.

మూడోది సమయం. నాలుగోది వెనక్కి వెళ్లే వీలు: ఆల్బమ్ డిజైన్ అయ్యాక అత్తగారు వచ్చి "మా అమ్మాయి పుట్టుమచ్చ ఏదీ?" అంటే తిరిగి తేగలగాలి. అందుకే ఏ పద్ధతైనా అసలు లేయర్ మీద కాకుండా వేరే లేయర్ మీద చేయండి.

ఐదోది ఛాయ. దీని గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ఎడిటింగ్‌లో ఎక్కువ నష్టం జరిగేది దీనికే.

రంగు సరికాకుండా బ్రష్ పట్టుకోవద్దు

తెలుగు పెళ్లిలో ముఖానికి పసుపు, నుదుట కల్యాణ తిలకం, బుగ్గచుక్క, పైన బాసికం, పక్కన మధుపర్కాల తెలుపు, వెనక మండపం ఎల్ఈడీ లైట్లు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల్ని సర్దే సెట్టింగ్) సరిగ్గా లేకపోతే వీటన్నిటి రంగూ చర్మం మీదే పడుతుంది. మధుపర్కం బట్ట మీద నీడ పడని తెల్లటి చోట వైట్ బ్యాలెన్స్ ఐడ్రాపర్ (రంగు ఎంచే పరికరం) పెట్టి చూడండి, మొదటి అడుగుకు అది చాలు. అయితే ఆ బట్టకు అంచు పసుపు పెట్టి ఉంటుంది కాబట్టి అంచు దగ్గర మాత్రం పెట్టకండి.

పసుపు ఎక్కువైందనిపిస్తే రా ఫైల్‌లోనే (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైల్) పసుపు, నారింజ రంగుల శాచురేషన్ (చిక్కదనం) కొద్దిగా తగ్గించండి. పూర్తిగా తీసేస్తే పసుపు రాసిన ముఖం పాలిపోయి జ్వరం మనిషిలా కనిపిస్తుంది. ఊదా రంగు ఎల్ఈడీ ముఖం మీద సగం పడిన ఫొటోని మాత్రం ఏ రీటచింగూ కాపాడలేదు. భావం బాగుంటే నలుపు తెలుపులోకి మార్చండి, లేకపోతే వదిలేయండి.

హీలింగ్, క్లోన్

హీలింగ్ బ్రష్ ఫొటోషాప్‌లోకి 2002లో, వెర్షన్ 7తో వచ్చింది. అంతకుముందు క్లోన్ స్టాంపే దిక్కు. రెండిటికీ తేడా చిన్నదే అనిపిస్తుంది, పనిలో మాత్రం పెద్దది. క్లోన్ ఒక చోటి పిక్సెల్స్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇంకో చోట పెడుతుంది. హీలింగ్ అక్కడి టెక్స్‌చర్‌ని మాత్రం తెచ్చి, రంగునూ వెలుగునూ ఇక్కడివాటితో కలుపుతుంది. అందుకే మొటిమలకు, చెమటకు అతుక్కున్న అక్షింతలకు, గీతలకు హీలింగ్‌ని మించింది లేదు.

దాని బలహీనత అంచుల దగ్గర. బాసికం దారం పక్కన, ముక్కుపుడక చుట్టూ, పెదవి గీత మీద హీలింగ్ వాడితే పక్క రంగు లోపలికి లాగేసి మరకలా పులుముతుంది. అక్కడ క్లోన్‌కి మారండి. బ్రష్ సైజు మచ్చకంటే కొంచెం మాత్రమే పెద్దగా ఉంచండి. కొత్త ఖాళీ లేయర్ తీసుకుని శాంపుల్‌ని "కరెంట్ అండ్ బిలో" మీద పెట్టండి. ఎప్పుడైనా ఆ ఒక్క మచ్చను తిరిగి తేవాలంటే ఆ లేయర్ మీద ఎరేజర్ చాలు.

వారంలో మానిపోయేవి తీసేయండి, జీవితాంతం ఉండేవి ఉంచండి. మొటిమ పోతుంది, పుట్టుమచ్చ ఉండాలి. చిన్ననాటి గాయం మచ్చ తీయాలో వద్దో ఆ మనిషినే అడగండి.

లైట్‌రూమ్ మాస్కులు

బండెడు ఫొటోలున్నప్పుడు ఫొటోషాప్ దాకా వెళ్లకుండా, ఫొటోల్ని గుంపుగా సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోనే చాలా పని అయిపోతుంది. 2019లో వచ్చిన టెక్స్‌చర్ స్లైడర్‌ని ఎడమకు జరిపితే మధ్యస్థంగా ఉండే గరుకు తగ్గుతుంది, సన్నటి రంధ్రాలు చాలావరకు నిలుస్తాయి. క్లారిటీని మైనస్‌లోకి లాగితే వచ్చే మసక వెలుగు దీనికి రాదు. 2022 నుంచి మనుషుల్ని గుర్తుపట్టి ముఖ చర్మం, శరీర చర్మం, పెదవులు, కళ్లు విడివిడిగా మాస్క్ చేసే (ఆ భాగం మీదే మార్పు పడేలా ఎంచుకునే) సదుపాయం కూడా ఉంది. ముఖ చర్మం మాస్క్ మీద టెక్స్‌చర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య పెట్టి, దాన్నే మిగతా ఫొటోలకు సింక్ చేస్తే ఒకే వెలుగులో తీసిన వరుస ఒక కొలిక్కి వస్తుంది. గ్రూప్ ఫొటోలకు ఇంతకు మించి ఏమీ చేయనక్కర్లేదు.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్

పేరు భయపెడుతుంది గానీ ఆలోచన తేలికే. ఫొటోని రెండు లేయర్లుగా విడగొడతాం. కింద రంగు, వెలుగు. పైన సన్నటి టెక్స్‌చర్. కింది లేయర్‌కి గౌసియన్ బ్లర్ వేసి, పైదానిలో అప్లై ఇమేజ్‌తో ఆ బ్లర్‌ని తీసేసి, బ్లెండ్ మోడ్ లీనియర్ లైట్ పెడితే ఫొటో మళ్లీ మొదట ఉన్నట్టే కనిపిస్తుంది. అప్లై ఇమేజ్ విండోలో పెట్టాల్సినవి ఇవి: ఫొటో 8 బిట్‌లో అయితే సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. 16 బిట్‌లో అయితే ఇన్వర్ట్ టిక్ పెట్టి యాడ్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. ఫొటోషాప్ లాంటి మరో సాఫ్ట్‌వేర్ అఫినిటీలో ఇది నేరుగా ఒక ఫిల్టర్‌గా ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో 2.10 వెర్షన్ నుంచి వేవ్‌లెట్ డీకంపోజ్ అని ఇంచుమించు ఇదే పని చేసే సాధనం ఉంది.

దీని అసలు ఉపయోగం రంగు, మెరుపు మరకలకు. హోమం వేడికి నుదురు చెమర్చి ఫ్లాష్‌కు మెరిసినప్పుడు, మేకప్ దవడ దగ్గర ఆగిపోయి మెడ వేరే రంగులో కనిపించినప్పుడు, కింది లేయర్‌లో ఆ భాగాన్ని లాసోతో ఎంచుకుని ఫెదర్ ఇచ్చి కొద్దిగా బ్లర్ చేస్తే పైన టెక్స్‌చర్ చెదరకుండా రంగు సర్దుకుంటుంది. ఇంత తక్కువ సమయంలో ఈ పని ఇంకే పద్ధతీ చేయదు.

మరి దీన్ని ఎందుకు తక్కువ వాడమంటున్నానంటే, చెడగొట్టడం చాలా సులువు కాబట్టి. మొదటి తప్పు రేడియస్ (బ్లర్ ఎంత దూరం పరుచుకోవాలన్న అంకె) దగ్గర. చర్మ రంధ్రాలు అప్పుడే కనిపించకుండా పోయే చోట ఆగాలి. 24 మెగాపిక్సెల్ ఫొటోలో ముఖం ఫ్రేమంతా నిండితే 8 నుంచి 12 పిక్సెల్స్, నడుము వరకు తీసినదైతే 3 నుంచి 6 దగ్గర మొదలుపెట్టి కంటితో చూసుకోండి. ఎక్కువైతే నీడలు కూడా టెక్స్‌చర్ లేయర్‌లోకి వెళ్లిపోతాయి, విడగొట్టిన ప్రయోజనమే ఉండదు. రెండో తప్పు లాసోని అంచు దాటించడం. బొట్టు, జుట్టు, ముక్కు పక్క గీత లోపలికి వస్తే వాటి రంగు చర్మంలోకి కారుతుంది. మూడోది అన్నిటికంటే పెద్దది: చేయి తిరిగాక బుగ్గంతా ఒకే రంగు అయ్యేదాకా బ్లర్ వేస్తూ పోతారు. పైన రంధ్రాలు ఉంటాయి, కింద ముఖానికి ఆకారమే ఉండదు. బుగ్గ ఎత్తు, దవడ కోణం కనిపించేది వెలుగు నీడల మెల్లటి మార్పులోనే. అవి పోతే ముఖం చదునవుతుంది.

డాడ్జ్ అండ్ బర్న్

ఇది కంప్యూటర్ కంటే పాతది. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు ఒక చోట వెలుగు పడకుండా చేత్తోనో అట్టముక్కతోనో అడ్డుపెడితే ఆ చోటు లేతగా వచ్చేది, అది డాడ్జింగ్. ఒక చోట వెలుగు ఎక్కువసేపు పడనిస్తే ముదురుగా వచ్చేది, అది బర్నింగ్. స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసి ముఖం మీది గుంటల్ని సర్దే రీటచర్లు చేసింది కూడా ఇలాంటి పనే. నెగెటివ్ మీద పెన్సిల్ పడిన చోటు ప్రింట్‌లో లేతబడుతుంది. బ్లర్ అన్నది ఇందులో ఎక్కడా లేదు. ఒక్క పిక్సెల్‌ని కూడా పక్కదానితో కలపకుండా, ముదురుగా ఉన్నదాన్ని లేత చేసి, లేతగా ఉన్నదాన్ని ముదురు చేసి సమానం చేయడమే. చర్మం చర్మంలాగే ఉండిపోవడానికి కారణం ఇదే.

రెండు కర్వ్స్ లేయర్లు (గీతను వంచి వెలుగును మార్చే లేయర్లు) పెట్టండి. ఒకదానిలో మధ్య బిందువుని కొద్దిగా పైకి, ఇంకోదానిలో కొద్దిగా కిందికి లాగండి. రెండిటి మాస్కులూ నలుపుగా మార్చండి, అప్పుడు తెల్ల బ్రష్ అద్దిన చోటే మార్పు కనిపిస్తుంది. మెత్తటి తెల్ల బ్రష్, ఫ్లో (ఒక్కసారి అద్దితే పడే మోతాదు) 1 నుంచి 3 శాతం.

కళ్ల కింద నలుపు దగ్గర ఎలా చేస్తారో చూద్దాం. 100 శాతం జూమ్‌లో ఆ నీడ ఒకే ముద్దగా ఉండదు. ముక్కు వైపు చిక్కగా మొదలై బుగ్గ వైపు వచ్చేసరికి పలచబడుతుంది, మధ్యలో ఒక సన్నటి మడత గీత ఉంటుంది. బ్రష్ సైజుని ఆ చిక్కటి భాగం వెడల్పుకు మించకుండా పెట్టి, లేత కర్వ్ మాస్క్ మీద ముక్కు వైపు నుంచి మొదలుపెట్టండి. ఒక్కసారి అద్దితే మీ కంటికి తేడా తెలియకూడదు. తెలిసిందంటే ఫ్లో ఎక్కువైనట్టే. కొన్నిసార్లు అద్దాక జూమ్ తగ్గించి, ముఖమంతా చూస్తూ లేయర్‌ని ఆపి మళ్లీ పెట్టి పోల్చండి. నీడ సగం తగ్గగానే ఆపేయండి. ఆ మడత గీతను మాత్రం పూర్తిగా చెరపవద్దు. నవ్వినప్పుడు కళ్ల కింద మడత రావాలి, అది లేకపోతే పెదవులు నవ్వుతున్నా కళ్లు నవ్వవు.

చామనఛాయ చర్మానికి ఒక జాగ్రత్త. కర్వ్స్‌తో లేత చేస్తే చర్మంలో రంగు పలచబడి బూడిద తేలినట్టు అవుతుంది. ముదురు చేస్తే రంగు చిక్కబడి ఎర్రగా కనిపిస్తుంది. పైన కలర్ మోడ్‌లో ఒక ఖాళీ లేయర్ పెట్టి, పక్కనే బాగున్న చర్మం రంగుని తీసుకుని చాలా తక్కువ ఒపాసిటీతో (పలచగా) అద్దితే సర్దుకుంటుంది.

దీని లోటు సమయం. ఒక క్లోజప్‌కు ఇరవై నిమిషాలు, అరగంట సులువుగా పడుతుంది. కాబట్టి ఆల్బమ్‌లో పేజీ నిండా వచ్చే కొద్ది ఫొటోలకే దీన్ని దాచుకోండి.

సర్ఫేస్ బ్లర్, స్కిన్ స్మూతింగ్ ప్లగిన్లు

ఆల్బమ్‌కు వద్దు. వాట్సాప్‌లో ఆ రాత్రికే పంపాల్సిన నాలుగు ఫొటోలకు తక్కువ బలంతో వాడితే నష్టం లేదు.

ఏఐ రీటచింగ్

వందల ఫొటోల్లో ప్రతి ముఖాన్నీ గుర్తుపట్టి, మొటిమలు తీసి, చర్మాన్ని సర్దే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రిసెప్షన్‌లో స్టేజి మీదికి వచ్చే ప్రతి కుటుంబం ఫొటోనీ చేత్తో సరిచేయడం ఎవరివల్లా కాదు. అక్కడ ఇవి నిజంగా ఆదుకుంటాయి.

కానీ వాటికి మన పెళ్లి తెలియదు. బుగ్గచుక్కని మచ్చ అనుకునే ప్రమాదం ఉంది. నలుగు పసుపుని చర్మ దోషం అనుకోవచ్చు. తాతయ్య నుదుటి ముడతలు, అమ్మమ్మ బుగ్గల గీతలు తుడిచేస్తే ఇంట్లోవాళ్లకు వాళ్లు వాళ్లలాగే ఉండరు. ఆ పెద్దవాళ్లు రేపు లేనప్పుడు పటం కట్టించుకోవడానికి ఇంటివాళ్లు వెతికేది ఈ ఆల్బమ్‌లోనే. కాబట్టి పెద్దవాళ్లకు, పిల్లలకు స్మూతింగ్ పూర్తిగా ఆపేయండి. వయసును బట్టి వేర్వేరు సెట్టింగ్ పెట్టే వీలుంటే తప్పక వాడండి. మిగతావారికి డిఫాల్ట్ బలంలో సగానికి తగ్గించండి. ముఖం సన్నగా చేయడం, కళ్లు పెద్దవి చేయడం లాంటి స్లైడర్లు సున్నా దగ్గరే ఉండాలి. బయటికి వచ్చిన ఫొటోల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఉన్నవాటిని బొట్టు, బుగ్గచుక్క, పుట్టుమచ్చ కోసం మాత్రమే ఒకసారి వరుసగా తిరగేయండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | దేనికి మేలు | ఒక ఫొటోకి సమయం | చెడితే ఎలా చెడుతుంది |
|---|---|---|---|
| హీలింగ్, క్లోన్ | మొటిమ, గీత, అతుక్కున్న గింజ | 1–5 నిమిషాలు | అంచుల దగ్గర పులుముతుంది |
| లైట్‌రూమ్ మాస్కులు | కొద్దిపాటి గరుకు, గ్రూపులు | సెకన్లు | బట్ట, జుట్టు కూడా మెత్తబడతాయి |
| ఫ్రీక్వెన్సీ సెపరేషన్ | మెరుపు, మేకప్ రంగు తేడా | 5–15 నిమిషాలు | ముఖం చదునవుతుంది |
| డాడ్జ్ అండ్ బర్న్ | కళ్ల కింద నీడ, ఎగుడుదిగుడు వెలుగు | 15–30 నిమిషాలు | మరకలు, బూడిద ఛాయ |
| ఏఐ | వందల ఫొటోలు ఒకేసారి | సెకన్లు | పోలికలు, గుర్తులు పోతాయి |

ఛాయ సంగతి

"కొంచెం తెల్లగా చేయండి" అని అడగని ఇల్లు అరుదు. చాలామంది ఎడిటర్లు ముఖం ఒక్కటీ ఎంచుకుని లేత చేసేస్తారు. చేతులు, మెడ అసలు రంగులోనే ఉండిపోతాయి. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటోలో ఆ చేయి ముఖం పక్కనే ఉంటుంది, దొంగతనం అక్కడే దొరికిపోతుంది. అంతకంటే ముఖ్యమైన మాట, ఆ అమ్మాయి తన పెళ్లి ఆల్బమ్‌లో తాను కనిపించాలి. చామనఛాయను తప్పుగా చూడటం మన ఫొటోగ్రఫీలో పాతుకుపోయిన జబ్బు. దాన్ని మన చేతులతో ముందుకు తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఆ మాట అడిగినవాళ్లు చాలాసార్లు నిజంగా కోరేది ముఖంలో కాంతి. చేతులు, మెడ, ముఖం మూడిటికీ కలిపి ఎక్స్‌పోజర్ కొద్దిగా పెంచండి, మూడో వంతు స్టాప్ చాలు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). రంగు ఛాయ మార్చకండి. వెనకున్న మండపం కొద్దిగా తగ్గించండి. ముఖం దానంతటదే వెలుగుతుంది. రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సహజంగా ఉన్నదాన్ని ఎంచుకోవడం ఎక్కువగా చూశాను.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒంటరిగా షూట్ చేసి, ఎడిట్ కూడా మీరే చేసుకునేవారైతే: అన్నిటికీ లైట్‌రూమ్ మాస్కులు, ఆల్బమ్‌కు ఎంచుకున్నవాటికి హీలింగ్, పేజీ నిండా వచ్చేవాటికి మాత్రం డాడ్జ్ అండ్ బర్న్. ఏఐ కొనే ముందు ఈ మూడూ చేయి తిరగనివ్వండి. ఏది బాగా వచ్చిందో ఏది చెడిందో చెప్పగల కన్ను వాటితోనే వస్తుంది.

స్టూడియోలో ఎడిటర్లను పెట్టి సీజన్‌లో వరుస పెళ్లిళ్లు చేస్తుంటే ఏఐ తప్పదు. అయితే ప్రతి ఎడిటర్ ఒక్కో బలంతో చేస్తే ఒకే ఆల్బమ్‌లో ఒకే ముఖం రెండు రకాలుగా ఉంటుంది. స్మూతింగ్ ఎంత, టెక్స్‌చర్ ఎంత అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతల క్లోజప్‌లు మాత్రం చేయి బాగా తిరిగిన ఒక్కరికే ఇవ్వండి.

మేకప్ ఆర్టిస్టుల పోర్ట్‌ఫోలియో, నగల షూట్ చేసేవారికి లెక్క వేరు. ఫొటోలు తక్కువ, ప్రతిదీ పెద్దగా చూస్తారు, మేకప్ పనితనం కనిపించాలి. అక్కడ డాడ్జ్ అండ్ బర్న్‌కే ఎక్కువ సమయం పెట్టండి, రంగు మరకలకు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ తోడు తీసుకోండి. సర్ఫేస్ బ్లర్ జోలికి అసలు పోవద్దు, ఫౌండేషన్ ఎలా కూర్చుందో చూపించడానికే ఆ ఫొటో తీయించారు.

ఇప్పుడిప్పుడే నేర్చుకుంటూ ఫొటోషాప్‌కి డబ్బు పెట్టలేనివారికి గింప్ ఉచితం, హీలింగ్, క్లోన్, వేవ్‌లెట్ డీకంపోజ్ అన్నీ అందులో ఉన్నాయి. ఫోన్‌లోనే చేసేవారికి స్నాప్‌సీడ్ యాప్‌లో హీలింగ్, డాడ్జ్ అండ్ బర్న్ రెండూ దొరుకుతాయి. ఫోన్ తెర మీద వేలితో చేసినా సూత్రం ఒకటే.

బేరం కుదిరినప్పుడే రీటచింగ్ గురించి రెండు మాటలు రాసుకోండి: మొటిమలు తీస్తాం, పుట్టుమచ్చలు ఉంచుతాం, ఛాయ మార్చం, ముఖం ఆకారం ముట్టుకోం. ఎన్ని క్లోజప్‌లకు చేతి పని ఉంటుందో కూడా రాయండి. ఆల్బమ్ మొత్తం ప్రింట్‌కు పంపే ముందు, పేజీ నిండా వచ్చే ఒక్క ముఖంలోంచి చిన్న ముక్కని అసలు సైజులోనే ల్యాబ్‌లో ప్రింట్ తీయించి పగటి వెలుగులో చూడండి. తెర మీద నునుపుగా, అందంగా కనిపించింది కాగితం మీద మైనపు పూతలా తేలితే, స్మూతింగ్ లేయర్ ఒపాసిటీ తగ్గించుకోవడానికి అప్పటికింకా వీలుంటుంది.